అన్న పేరు ఆ నోట్‌బుక్‌లో లేదు

నాకో ప్రార్థన నోట్‌బుక్ ఉంది. ఎడమవైపు మనవి, తేదీ; కుడివైపు జవాబు వచ్చిన రోజు టిక్కు. నాన్న కోసం రాసిన పేజీల్లో ఎడమవైపంతా నిండిపోయింది, కుడివైపు ఖాళీ. ఏడు నెలల జబ్బు తర్వాత నాన్న ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు.

చర్చి మానలేదు. దేవుడు సజీవుడని అందరితో కలిసి పాడుతూనే ఉన్నాను. కానీ ఎర్ర సముద్రాన్ని పాయలు చేయడం, చనిపోయిన లాజరును లేపడం, అవన్నీ ఆనాటి సంగతులే అనిపించేది. మోకాళ్లూనితే మాట పెగిలేది కాదు.

సంఘంలో ఒక పెద్దావిడకు ఈ మాట చెప్పేశాను. ఆవిడ మందలించలేదు. "మాటలు రాకపోతే బైబిల్లో 42వ కీర్తన చదువమ్మా, అదే నీ ప్రార్థన" అన్నారు. 11 వచనాలే. జీవముగల దేవుని కోసం దాహంతో ఉన్న మనిషే, నన్నెందుకు మరచిపోయావని ఆయన్నే నిలదీస్తాడు. వినేవాడు లేకపోతే ఎవరిని నిలదీస్తాం? కొన్ని వారాలు అదొక్కటే చదివాను, కొన్నిసార్లు కోపంగానే.

తర్వాత యోహాను సువార్త 5వ అధ్యాయం. బేతెస్ద కోనేటి దగ్గర 38 ఏళ్లుగా జబ్బుతో ఉన్న మనిషి. ఆ ఐదు మంటపాల్లో ఎందరో రోగులుంటే యేసు ఆ ఒక్కడినే ఎందుకు బాగుచేసి లేపాడో అక్కడ రాసి లేదు. నాన్న విషయంలోనూ నాకు ఇప్పటికీ జవాబు దొరకలేదు. కానీ ఏ పనీ చేయకూడని విశ్రాంతిదినాన ఆ పని చేశాడని తప్పుపట్టినవాళ్లతో యేసు, "నా తండ్రి యిదివరకు పనిచేయుచున్నాడు, నేనును చేయుచున్నాను" అంటాడు. ఎన్నోసార్లు విన్న మాటే. ఆ రోజు మాత్రం "చేయుచున్నాడు" దగ్గరే ఆగిపోయాను. చేశాడు అని కాదు.

అప్పుడు అన్న గుర్తొచ్చాడు. ఆసుపత్రి ఖర్చుల దగ్గర మాటా మాటా పెరిగి, నాన్న సమాధి అయిన దగ్గర్నుంచి మేం మాట్లాడుకోవట్లేదు. మళ్లీ కలవాలని నేను ఒక్కసారి కూడా ప్రార్థించలేదు. అలాంటిది కొన్నాళ్లుగా నిద్ర లేవగానే అన్న ఎలా ఉన్నాడో అనిపిస్తోంది. నా మొండితనం నాకు తెలుసు, అది నాలోంచి వచ్చే ఆలోచన కాదు. ఫిలిప్పీయులకు రాసిన పత్రికలో (2:13) పౌలు, మనలో ఆ ఇష్టాన్ని పుట్టించేదీ దాన్ని జరిగించేదీ దేవుడే అంటాడు. ఆయన పని కోసం నేను కుడివైపు టిక్కుల్లోనే వెతుకుతూ వచ్చాను.

ఫోన్ చేశాను. రెండు రింగులకే ఎత్తాడు. కాసేపు ఇద్దరం ఏమీ అనలేదు.

"నేనే చేద్దామనుకుంటున్నా, రెండు రోజుల్నుంచీ" అన్నాడు.