777 కొట్టే ముందు ఒకసారి నంబర్ చూడండి

బతుకమ్మ సెలవులు అయిపోయి హనుమకొండకు తిరిగొచ్చిన రోజే మా టీంలో కొత్తగా చేరిన తమ్ముడు ఫోన్ చేశాడు. ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తిదారు కోసం లెక్కల అప్లికేషన్ చేస్తున్నాం, పీహెచ్‌పీ, లారావెల్, అంతా డాకర్‌లోనే, అంటే ప్రోగ్రాంను కంటైనర్ అనే విడి డబ్బాలో పెట్టి నడిపే పద్ధతిలో. "అన్నా, కంట్రోలర్ ఫైల్ సేవ్ అయితలేదు, పర్మిషన్ డినైడ్ అంటున్నది. నా ల్యాప్‌టాప్‌ల మంచిగనే ఉండె, ఆఫీస్ సిస్టంల ఇట్లయితున్నది."

"ఏం చేసినవ్ మరి?"

"ముందు కంటైనర్‌ల కొత్త ఫైల్ చేసే ఆర్టిజన్ కమాండే నడువలే. మొత్తం ఫోల్డర్‌కి సీహెచ్‌మోడ్ 777 కొట్టి అందరికీ అన్ని పర్మిషన్లు ఇచ్చిన. ఫైల్ అయితే వచ్చింది గని ఎడిటర్‌ల సేవ్ అయితలేదు. మళ్లా 777 కొడితే సేవ్ అయింది, ఇంకో ఫైల్ చేస్తే మళ్లా అదే కథ."

నాకు కోపం రాలేదు, బాధేసింది. ఎందుకంటే ఈ సమస్యకు ఎక్కడ అడిగినా మొదట దొరికే జవాబు 777 ఒక్కటే, అదేమో జబ్బును ముట్టుకోదు. 777 ఇప్పుడు ఉన్న ఫైళ్ల తలుపులు తెరుస్తుంది, రేపు పుట్టబోయే ఫైల్‌కు ఓనర్ ఎవరో అది మార్చలేదు. పైగా డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న డాట్ ఈఎన్‌వీ ఫైల్ కూడా ఆ సిస్టంలో ఎవరైనా చదివేలా, మార్చేలా అయిపోతుంది. కోడ్ మార్పుల లెక్క ఉంచే గిట్, ఫైల్ ఎగ్జిక్యూటబులా (నేరుగా నడపగలిగేదా) కాదా అన్నది కూడా గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి, ఒక్క అక్షరం మార్చకపోయినా దాదాపు ప్రతి ఫైల్ 100644 (మామూలు ఫైల్) నుంచి 100755 (నడిపే ఫైల్)కి మారినట్టు చూపిస్తుంది. తమ్ముడి బ్రాంచ్‌లో అదే జరిగింది.

వాడి పక్కన కూర్చొని మొదట కొట్టించింది ఎల్ఎస్ -ఎల్, ఫైళ్ల ఓనర్లను చూపించే కమాండ్. వాడు ఐదు నిమిషాల కింద చేసిన ఫైల్‌కు ఓనర్‌గా, అంతకుముందు ఆ సిస్టం వాడి హైదరాబాద్ వెళ్లిపోయిన మా పాత సహోద్యోగి పేరు ఉంది. "నేను చేసిన ఫైల్‌కు ఆ అన్న పేరెందుకున్నది?" అని వాడు నిజంగానే బెదిరిపోయాడు. అసలు విషయమంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

లైనక్స్ కెర్నల్‌కు, అంటే సిస్టం లోపలి అసలు భాగానికి, పేర్లతో పని లేదు, నంబర్లే. పరీక్షలో జవాబు పేపర్ మీద హాల్‌టికెట్ నంబర్ ఉన్నట్టు ఫైల్ మీద యూఐడీ (యూజర్ నంబర్), జీఐడీ (గ్రూప్ నంబర్) అనే రెండు నంబర్లు మాత్రమే ఉంటాయి. ఆ నంబర్ ఎవరిదో చెప్పే జాబితా కంటైనర్‌లో ఒకటి, బయట సిస్టంలో ఇంకొకటి. బైండ్ మౌంట్ పెట్టినప్పుడు, అంటే బయటి ఫోల్డర్‌నే కంటైనర్‌లోనూ కనిపించేలా చేసినప్పుడు, ఫోల్డర్ రెండు వైపులా ఒకటే, జాబితాలే వేరు. ఉబుంటులో మొదటి అకౌంట్‌కు 1000 వస్తుంది, అది ఆ పాత సహోద్యోగిది. తరువాత తెరిచిన తమ్ముడి అకౌంట్‌కు 1001. కంటైనర్ ఏమో 1000గా నడుస్తోంది, ఎందుకంటే కంటైనర్ ఎలా నడవాలో రాసుకునే కంపోజ్ ఫైల్‌లో యూజర్ దగ్గర 1000:1000 అని రాసింది నేనే. నా ల్యాప్‌టాప్‌లో, వాడి ల్యాప్‌టాప్‌లో అందరం 1000 కాబట్టి నెలల తరబడి ఎవరికీ తెలియలేదు. మాక్ వాడేవాళ్లకైతే డాకర్ డెస్క్‌టాప్ మధ్యలో వర్చువల్ మెషీన్ పెట్టి ఫైళ్లు పంచుతుంది కాబట్టి ఈ బాధ దాదాపు కనిపించదు. అందుకే "నా దగ్గర బాగానే ఉంది కదా" అనే మాట వస్తుంది.

యూజర్ ఏమీ చెప్పకపోతే చాలా ఇమేజ్‌లు (కంటైనర్‌ను పుట్టించే అచ్చులు) అన్ని హక్కులున్న రూట్‌గా, అంటే 0గా నడుస్తాయి. అప్పుడు కంటైనర్ చేసే ప్రతి ఫైల్ బయట రూట్ పేరు మీద పడుతుంది. ఎక్కువమందికి ఎదురయ్యేది ఇదే. పేరు చూసి మోసపోకుండా ఎల్ఎస్ -ఎల్ఎన్ కొట్టండి, నంబర్లే వస్తాయి. కంటైనర్ లోపల ఒకసారి, బయట ఒకసారి ఐడీ అనే కమాండ్ కొట్టండి, తేడా అక్కడే పట్టుబడుతుంది.

మేం చేసిన మార్పు చిన్నది. 1000 తీసేసి హోస్ట్ (బయటి సిస్టం) యూఐడీ, హోస్ట్ జీఐడీ అని రెండు వేరియబుల్స్ పెట్టి, ఎవరి నంబర్లు వాళ్ల డాట్ ఈఎన్‌వీలో రాసుకునేలా చేశాం. ఉత్త యూఐడీ అనే పేరు పెట్టుకోకండి. కమాండ్లు కొట్టే బాష్ షెల్‌లో ఆ పేరుతో వేరియబుల్ ఉంటుంది గానీ బయటికి ఎక్స్‌పోర్ట్ అవ్వదు, కంపోజ్‌కు ఖాళీగా కనిపిస్తుంది. జీఐడీ అయితే బాష్‌లో అసలు ఉండదు. ఇక్కడ నేను ఒకప్పుడు ఒక పూట పోగొట్టుకున్నాను.

తరువాత ఇంకో ఇబ్బంది వచ్చింది. 1001 అనే నంబర్ కంటైనర్ జాబితాలో లేదు, కాబట్టి లోపలికి వెళ్తే "ఐ హావ్ నో నేమ్" అని వస్తుంది. దానికి భయపడక్కర్లేదు. కానీ హోమ్ ఫోల్డర్ కూడా ఉండదు, హోమ్ అంటే స్లాష్ అయిపోతుంది, లైబ్రరీలు దింపే కంపోజర్, ఎన్‌పీఎం అక్కడ క్యాష్ రాయబోయి ఆగిపోతాయి. హోమ్ విలువ స్లాష్ టెంప్ అని ఇస్తే సరిపోయింది. ఇంకా శుభ్రంగా కావాలంటే ఇమేజ్ బిల్డ్ చేసేటప్పుడే నంబర్‌ను ఆర్గ్యుమెంట్‌గా ఇచ్చి, యూజర్‌మోడ్, గ్రూప్‌మోడ్ అనే కమాండ్లతో లోపలి యూజర్ నంబరే మార్చేయొచ్చు. ఇద్దరు ముగ్గురం ఉన్న టీంకు మాకు మొదటి పద్ధతే చాలు. వెబ్ సర్వర్ కోసం ఇమేజ్‌లో ఉన్న డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా యూజర్‌ను నమ్ముకొని నంబర్ రాస్తే మాత్రం చూసుకోండి, డెబియన్‌లో అది 33, పీహెచ్‌పీ ఆల్పైన్ ఇమేజ్‌లో 82.

లేని ఫోల్డర్‌ను మౌంట్ చేయమంటే డాకర్ తానే తయారు చేస్తుంది, అదీ రూట్ పేరు మీద. గిట్ ఖాళీ ఫోల్డర్లను గుర్తుపెట్టుకోదు కాబట్టి కొత్తగా క్లోన్ చేసినవాళ్లకే ఇది తగులుతుంది. ముందే ఎంకేడీఐఆర్ కొట్టి ఫోల్డర్ చేసుకోండి. డేటాబేస్ డేటాను ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో పెట్టకండి, నేమ్‌డ్ వాల్యూమ్‌లోనే (డాకర్ తానే చూసుకునే నిల్వ) ఉంచండి, దానికి దాని సొంత నంబర్ ఉంటుంది, ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో ఉంటే ఓనర్‌ను మార్చే సీహెచ్‌ఓన్ మొత్తానికి కొట్టేసినప్పుడు ఆ నంబర్ కూడా కొట్టుకుపోతుంది. పాత వాల్యూమ్ ఓనర్ కుదరట్లేదని వాల్యూమ్‌లను తీసేసే కంపోజ్ డౌన్ -వి కొట్టే ఆలోచన వస్తే, దయచేసి ఆగండి, లోపలి డేటా కూడా పోతుంది.

చివరికి ఆ ప్రాజెక్ట్ ఫోల్డర్‌ను ఒక్కసారి సూడోతో (రూట్ హక్కులతో) తమ్ముడి నంబర్ మీదికి మార్చాం, 777లు వెనక్కి తీశాం, ఓనర్ ఒక్కడే మార్చగలిగేలా ఫోల్డర్లకు 755, ఫైళ్లకు 644, స్క్రిప్టులకు విడిగా. వాడు కొత్త కంట్రోలర్ చేసి ఎల్ఎస్ -ఎల్ఎన్ కొట్టాడు. 1001, 1001. "ఇప్పుడు నా పేరు మీదికి వచ్చింది అన్నా" అని ఎడిటర్ తెరిచి సేవ్ కొట్టాడు.