గట్టెక్కిన బోట్ల దగ్గర

మే నెలలో విశాఖ వెళ్తానంటే ఇంట్లో ఎవరూ మెచ్చుకోలేదు. ఎండ ఒక ఎత్తు, ఉక్కపోత ఇంకో ఎత్తు. కానీ నాకు కావలసింది ఆ నెలే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మర బోట్లు వేటకు వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ నిషేధం. ఏడాదంతా నీళ్లలో నానే బోట్లను ఒడ్డుకు లాగి బాగు చేసుకునేది అప్పుడే. పడవ అడుగు ఎలా ఉంటుందో చూడాలంటే అంతకన్నా మంచి అదను లేదు.

గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగేసరికి మా బావమరిది బండి వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. "బావా, ముందు రాస్ హిల్ ఎక్కుదాం, ఎండ ముదరక ముందే" అన్నాడు. పక్కపక్కనే మూడు కొండలు: ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకన్న గుడి. చర్చి దగ్గర నిలబడితే కింద ఓడలు లోపలికి వచ్చే కాలువ, దానికి అవతల డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపిస్తాయి.

ఈ రేవు తెరుచుకున్నది 1933లో. అలల దెబ్బ తగలకుండా రెండు పాత ఓడలను రాళ్లతో నింపి అక్కడే ముంచేశారు, వాటినే అడ్డుకట్ట చేశారు. అంతకు ముందు ఓడలు దూరంగా సముద్రంలోనే లంగరు వేసేవి. సరుకును, మనుషులను ఒడ్డుకు చేర్చింది కుట్టు పడవలు. అందులో మేకు అన్నదే ఉండదు, చెక్కలను కొబ్బరి తాడుతో కలిపి కుట్టేస్తారు. ఒడ్డున విరుచుకుపడే అలకు మేకులు కొట్టిన పడవ పగిలిపోతుంది, కుట్టింది కాస్త వంగి నిలబడుతుంది. కొబ్బరి తాడుకు ఇంత పని చెప్పినవాళ్లను ఇంజనీర్లు అనకపోవడం నాకైతే అన్యాయం అనిపిస్తుంది.

లోపలి వైపు క్రేన్లు కనిపించేది హిందుస్థాన్ షిప్‌యార్డు. పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్ వాళ్ల సింధియా ఓడల కంపెనీ మొదలుపెట్టిన యార్డు అది. 1941 జూన్‌లో బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. ఏడాది తిరగకుండానే, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. అయినా 1948 మార్చిలో 'జల ఉష' అనే ఓడ ఇక్కడి నుంచే నీళ్లలోకి దిగింది. దింపింది నెహ్రూ. 1952లో యార్డు ప్రభుత్వం వైపు వచ్చింది గానీ సింధియా పేరు మాత్రం ఊరిని వదల్లేదు, ఆ ప్రాంతాన్ని ఇప్పటికీ అలాగే పిలుస్తారు. ఊరికే వచ్చినవాళ్లను యార్డు లోపలికి పంపరు కాబట్టి మేం ఆ ప్రయత్నమే చేయలేదు.

ఫిషింగ్ హార్బర్‌కి చేరేసరికి తొమ్మిదిన్నర. జెట్టీ పొడవునా బోట్లు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. 2023 నవంబర్‌లో ఒక రాత్రి అగ్ని ప్రమాదంలో పదుల సంఖ్యలో బోట్లు కాలిపోయింది ఈ జెట్టీ దగ్గరే. అవి నిలిపిన తీరు చూస్తే, ఒకటి అంటుకుంటే పక్కవాటిని తప్పించడం ఎంత కష్టమో తెలుస్తుంది.

గట్టు మీద సుత్తుల మోత. రంగు వాసన, డీజిల్ వాసన, ఎండు చేపల వాసన కలిసి గొంతులో కూర్చున్నాయి. ఒక బోటు కింద పెద్దాయన ఒకరు చెవి ఆనించి చిన్న సుత్తితో చెక్క చెక్కనూ తడుతున్నారు. మా బావమరిదికి తెలిసినాయనే. తాతలు కాకినాడ దగ్గరి తాళ్లరేవు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారట. ఇంటిల్లిపాదికీ పడవ పనే.

"గట్టి చెక్క ఖంగుమంటాది బాబూ. పుచ్చింది డొల్లగా పలుకుతాది. పైకి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి" అన్నారు. పుచ్చుకు కారణం చెక్కను తొలిచే పురుగు. పురుగంటారు గానీ అది గుల్ల జాతి జీవి. గుండుసూది మొన అంత కన్నంతో లోపలికి దూరి, లోలోపలే పెరుగుతూ చెక్కను గుల్ల చేస్తుంది. ఆయన పక్కన పడేసిన ముక్క ఒకటి తీసి చూశాను. బయట నున్నగా ఉంది, లోపల వేలు దూరేంత సొరంగాలు.

తాళ్లరేవు అనగానే దాని పక్కనే ఉన్న కోరంగి గుర్తొచ్చింది. ఒకప్పుడు ఓడలు కట్టడంలో, బాగు చేయడంలో ఈ తీరంలో కోరంగిదే పెద్ద పేరు. 1839 తుపానుకు రేవు తుడిచిపెట్టుకుపోయింది. బర్మాలో మన తెలుగువాళ్లను కోరంగీలనేవారంటే ఎంతమంది అక్కడి నుంచి ఓడెక్కారో ఊహించుకోవచ్చు. "మా తాత కాగితం మీద గీత గీసి ఎరగడు" అన్నారు పెద్దాయన. "అణియం ఎంత లేవాలి, అమరం ఎంత వెడల్పుండాలి, అన్నీ చేతి కొలతే." అణియమంటే పడవ ముందు భాగం, అమరమంటే వెనక భాగం.

కలప సంగతి కదిలిస్తే మనిషి పూర్తిగా మారిపోయారు. అడుగు దూలానికి టేకు. లోపలి వంపు కొయ్యలకు నల్లతుమ్మ. అదీ వంకర కొమ్మనే వెతుక్కోవాలి, నిటారు దుంగను వంకరగా కోస్తే పోగు తెగి అక్కడే విరుగుతుంది. చెక్కల సందుల్లో నూనెలో తడిపిన నూలు పెట్టి మొద్దు ఉలితో దట్టించి, పైన గుగ్గిలం కాచి పూస్తారు. ఎక్కువ దట్టిస్తే, నీళ్లలో దిగి చెక్క ఉబ్బినప్పుడు మేకులే లేచిపోతాయి. తక్కువైతే నీరు కారుతుంది. మే ఎండకు చెక్క ఎండి సందులు విచ్చుకోకుండా బోటు పక్కలకు తడి గోనెలు కప్పి ఉంచారు.

ఈమధ్య చాలామంది పాత చెక్క బోటు మీద ఫైబర్ పొర వేయించేస్తున్నారు. అది పెద్దాయనకు ససేమిరా నచ్చదు. "లోపల తడి చిక్కుకుంటాది. పైన మెరుస్తాది, లోన కుళ్లుతాది" అన్నారు. ఆయన కొడుకు చేసేదేమో ఫైబర్ బోట్ల పనే. మధ్యాహ్నం అతని షెడ్డుకు వెళ్లాం. అతను పోత పోసే మౌల్డు ఆకారం ఎక్కడిదని అడిగితే నవ్వాడు. నాన్న కట్టిన చెక్క పడవను బోర్లించి, దాని మీదే అచ్చు తీశాడట. ఆ అచ్చులోంచి వచ్చే ప్రతి బోటుకూ అవే చేతి కొలతలు. కొత్త ఆకారం కావాలని ఎవరైనా అడిగితే మాత్రం మళ్లీ నాన్న దగ్గరికే వెళ్లాలి.

భోజనానికి ఎండు నెత్తళ్ల పులుసు. వేట నిషేధంలో అదే గతి అని మా బావమరిది చాలా బాధపడ్డాడు గానీ నాకు ఆ బాధేమీ కలగలేదు.

సాయంత్రం మళ్లీ గట్టు దగ్గరికి వచ్చేసరికి బోటు ఓనరు వచ్చి ఉన్నాడు. ఒక సబ్‌మెరైన్, సింధుకీర్తి, 2006లో షిప్‌యార్డులో మరమ్మతుకు చేరితే 2015లో గానీ తిరిగి నౌకాదళంలోకి వెళ్లలేదు. ఇక్కడ అలాంటి వెసులుబాటు లేదు. 61 రోజుల్లో పని తెమలకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. పెద్దాయన సుత్తితో ఇంకో రెండు చెక్కలు తట్టి చూపించి, ఇవి కూడా మార్చాల్సిందే అన్నారు.

"వచ్చే ఏడు చూద్దాం మేస్త్రీ, ఇప్పటికే అప్పు చేశాను" అన్నాడు ఓనరు.

"వచ్చే ఏడు దాకా బోటుండాలి కదా" అన్నారాయన.

మేం బయల్దేరే వేళకు ఒక చెక్క దాకా బేరం కుదిరింది. రెండోదాని మీద ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.