అన్నిటికీ ‘అవును’ అన్న మా తమ్ముడు

మా తమ్ముడి శిక్షణ నిన్నటితో పూర్తయింది. ఈ రోజే రాసేస్తున్నాను. నెల గడిస్తే నా కోపం చల్లారుతుంది, అది చల్లారితే చెప్పాల్సినవి సగం చెప్పను.

వాడికి 31 ఏళ్ళు. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టాడు, మేధో వైకల్యం ఉంది. ప్యాకింగ్ చేసే చోట ఆరేళ్ళుగా పని చేస్తున్నాడు. చేతిపనిలో వంక పెట్టేవాళ్ళు లేరు. చిక్కంతా నలుగురితో మాట్లాడే దగ్గరే. కొత్తవాళ్ళు కనిపిస్తే వెళ్ళి కౌగిలించుకుంటాడు. ఇద్దరు మాట్లాడుకుంటుంటే మధ్యలో దూరి తన మాట మొదలుపెడతాడు. చెప్పింది అర్థం కాకపోయినా తల ఊపేసి, తర్వాత ఇంకేదో చేస్తాడు. ‘చెప్పింది వినడు’ అని సూపర్‌వైజర్ రెండుసార్లు కబురు పెట్టాక, పెద్దవాళ్ళకు సామాజిక సంభాషణ నేర్పే బృంద శిక్షణ ఉందని తెలిసి దరఖాస్తు చేశాం.

దరఖాస్తుకు, డాక్టరు ఉత్తరానికి రెండు రోజులు పట్టింది. అడిగిన మొదటి చోట ‘ఇవి చిన్నపిల్లలకే’ అని పంపించేశారు. ముప్పై ఏళ్ళు దాటితే ఇక ఎవరితోనూ మాట్లాడనక్కర లేదన్నట్టు! రెండో చోట దరఖాస్తు తీసుకున్నారు. మధ్యలో వినికిడి పరీక్ష చేయించాం. ఇది మాత్రం ఎవరూ దాటవేయవద్దు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో వినికిడి లోపం చాలా ఎక్కువ. మావాడికి రెండు చెవుల్లోనూ గులిమి గట్టిపడి ఉంది. అది తీయించగానే టీవీ శబ్దం తనే తగ్గించాడు. ‘వినడు’ అన్న ఫిర్యాదులో కొంత అక్కడే తేలిపోయింది.

తర్వాత వచ్చింది అసలు ఘట్టం. శిక్షణకు తగునా, తగడా అని తేల్చే మదింపు.

గదిలో ముగ్గురం. మదింపు చేసే ఆవిడ మొదటి పావుగంట వాడి ముఖం చూడలేదు. ‘ఇతను స్నానం తనే చేస్తాడా? డబ్బు లెక్క తెలుసా?’ అని నన్నే అడిగారు. వాడు పక్కనే కూర్చుని చొక్కా చివరి బొత్తాం తిప్పుకుంటున్నాడు. ఆ తర్వాత ఉన్నట్టుండి వాడివైపు తిరిగి ప్రశ్నలు కురిపించారు. నాకు ‘మీరు’, వాడికి ‘నువ్వు’. ఆవిడకంటే వాడు ఒకటి రెండేళ్ళు పెద్దవాడే అయి ఉంటాడు.

‘నీకు స్నేహితులు ఉన్నారా?’ ‘అవును.’

‘ఒక్కడివే బస్సులో వెళ్తావా?’ ‘అవును.’ వాడు ఒంటరిగా బస్సు ఎక్కింది ఎన్నడూ లేదు.

‘ఎవరినైనా కొడతావా?’ ‘అవును.’

నా గుండె ఆగినంత పని అయింది. వాడు చీమను కూడా తొక్కని మనిషి. ‘లేదండీ, వాడు...’ అనబోతే, ‘మీరు మధ్యలో రావద్దు, అతన్నే చెప్పనివ్వండి’ అన్నారు. ‘కోపం వస్తే ఊరుకుంటావా, వస్తువులు విసిరేస్తావా?’ ‘విసిరేస్తాను.’ ఆవిడ రాసుకున్నారు. ప్రతి జవాబుకు ముందు వాడు ఆవిడ ముఖంలోకి, తర్వాత నా ముఖంలోకి చూశాడు. ఏ మాట అంటే మేమిద్దరం సంతోషిస్తామా అని వెతుకుతున్నాడు. ఆ చూపు నాకు తెలుసు, వాడి చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆవిడకు తెలియదు, తెలుసుకోవాలని కూడా అనుకోలేదు.

నివేదిక వారంలో వచ్చింది. ‘దూకుడు స్వభావం ఉంది, బృందానికి తగడు.’ దాని కిందే, ‘స్వతంత్రంగా ప్రయాణం చేయగలడు.’ రెండూ అబద్ధాలే.

అయితే నన్ను కోసినది ఆ కాగితం కాదు. ఆ రోజు బయటికి వస్తూ మెట్ల మీద వాడు నా చేయి పట్టుకుని ‘అక్కా, అన్నీ బాగా చెప్పానా?’ అని అడిగాడు. నేను ‘బాగా చెప్పావు’ అన్నాను. ఇంకేమనాలి?

ఆ రాత్రి నుంచి చదవడం మొదలుపెట్టాను. మేధో వైకల్యం ఉన్నవారు ‘అవును, కాదు’ ప్రశ్నలకు అవును వైపే మొగ్గుతారని అమెరికాలో కరోల్ సిగెల్‌మన్ బృందం 1981లోనే ప్రచురించింది. ‘ఇదా, అదా’ అని అడిగితే కొందరు చివర విన్నదాన్నే తిరిగి చెబుతారు. నేను ఇంట్లో పరీక్షించాను. ‘వస్తువులు విసిరేస్తావా, ఊరుకుంటావా?’ అని తిప్పి అడిగితే ‘ఊరుకుంటాను’ అన్నాడు. నలభై ఏళ్ళ కిందటే తెలిసిన సంగతి, ఆ పనికే జీతం తీసుకునే మనిషికి తెలియకపోవడం ఏమిటి?

ఇంకొకటి. ఐక్యూ 70కి కాస్త అటూ ఇటూ ఉన్నంత మాత్రాన మేధో వైకల్యం అనరు. రోజువారీ జీవితంలో మనిషి ఎలా నెగ్గుకొస్తున్నాడో చూడాలి. ఆలోచన, నలుగురితో మెలగడం, స్వంత పనులు అనే మూడు వైపుల నుంచీ చూడాలి. తీవ్రతను ఐక్యూ అంకెతో కాక ఈ రోజువారీ సామర్థ్యంతో నిర్ణయించాలని 2013లో వచ్చిన డీఎస్ఎమ్-5 (అమెరికా మానసిక వైద్యుల సంఘం ప్రచురించే రోగనిర్ధారణ గ్రంథం) చెబుతోంది. పావుగంట ప్రశ్నలతో అది తేలుతుందా?

మళ్ళీ మదింపు చేయమని వాళ్ళకు మూడు పేజీల ఉత్తరం రాశాను. ఈ విషయంలో నాకు గర్వంగానే ఉంది. 2006 నాటి ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికలో 21వ అధికరణం అధికారిక వ్యవహారాల్లో ప్రత్యామ్నాయ సంభాషణ పద్ధతులను (నోటిమాటకు బదులు బొమ్మల్లాంటివి) అంగీకరించి, వాటికి వీలు కల్పించాలని చెబుతుంది. దాన్ని ఎత్తి రాశాను. పది రోజుల్లో రెండో మదింపుకు పిలుపు వచ్చింది. మర్యాదగా ఫోన్లు చేసిన నెల రోజులూ ఎవరూ పలకలేదు. కాబట్టి ఫోన్లు చేయకండి, రాతపూర్వకంగా అడగండి.

ఈసారి స్పీచ్ థెరపిస్టు వచ్చారు. మొట్టమొదట వాడికి నమస్కారం పెట్టి, ‘మీరు ఎక్కడ కూర్చుంటారు?’ అని వాడినే అడిగారు. నన్ను వెనక కుర్చీలో కూర్చోమన్నారు. బల్ల మీద ఒక చాప పరిచారు. పైన మూడు గుర్తులు: పైకి చూపే బొటనవేలు, అడ్డంగా ఉన్నది, కిందికి చూపేది. టాకింగ్ మ్యాట్స్ అంటారు. స్కాట్లాండ్‌లోని స్టిర్లింగ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన పద్ధతి. ఒక్కొక్క బొమ్మకార్డు ఇచ్చి, ఎక్కడ పెడతారని అడిగి, ఆవిడ ఊరికే కూర్చున్నారు. గోడ గడియారం చూశాను. ఒక్కోసారి పదిహేను సెకన్లు. నాకైతే అది యుగంలా ఉంది. నోరు తెరవకుండా ఉండటానికి పళ్ళు బిగించాను.

బస్సు కార్డు కిందికి చూపే వేలి దగ్గరికి వెళ్ళింది. కొట్టే బొమ్మా అక్కడికే. తర్వాత ఇద్దరు మనుషులున్న కార్డు ఇచ్చారు. ఒకరు మాట్లాడుతున్నారు, రెండోవారి నోరు మూసి ఉంది. ‘మీ బదులు వేరేవాళ్ళు మాట్లాడటం’ అన్నారు. వాడు దాన్ని చాలాసేపు పట్టుకున్నాడు. వెనక్కి తిరిగి నన్ను చూశాడు. చూసి, దాన్ని కిందికి చూపే వేలి కింద పెట్టాడు. ఆవిడ సరిచూసుకోవడానికి ఆ కార్డును పైకి చూపే వేలి దగ్గరికి జరిపి ‘ఇక్కడా?’ అన్నారు. వాడు రెండు వేళ్ళతో దాన్ని మళ్ళీ వెనక్కి లాగి, మీద అరచేయి పెట్టి అదిమి ఉంచాడు.

ఇరవై ఏళ్ళకు పైగా వాడి నోరు నేనే అనుకుంటూ వచ్చాను. ఆ అరచేతిని ఇప్పటికీ మరచిపోలేకపోతున్నాను.

శిక్షణ సాఫీగానే జరిగింది. ఆరుగురు, పన్నెండు వారాలు. చేయి చాచినంత దూరంలో నిలబడి పలకరించడం, వంతు కోసం ఆగడం, తమను తామే వీడియోలో చూసుకోవడం. గదిలో నేర్చుకున్నది బయట దానంతట అది రాదని, సగం తరగతులు బస్టాండులో, పనిచేసే చోట పెట్టారు. సూపర్‌వైజర్‌ను కూడా ఒక పూట కూర్చోబెట్టారు. ఆయన ఒక్క ఊపిరిలో నాలుగు పనులు చెప్పేవారని అప్పుడు బయటపడింది. ఇప్పుడు ఒక్కో పనీ చెప్పి ఆగుతున్నారు.

అన్నిటికంటే ఎక్కువ వారాలు రెండు మాటలకే పట్టాయి. ‘అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి’ ఒకటి, ‘వద్దు’ ఒకటి. చెప్పిన మాట వింటాడు, మంచివాడు అని వీళ్ళను పొగిడి పొగిడి పెంచుతాం. ఎవరేమడిగినా తల ఊపే మనిషిని మోసగాడైనా, అంతకంటే నీచుడైనా ఎంత తేలిగ్గా లొంగదీసుకుంటాడో ఆలోచించం. ఇంట్లో ఇలాంటివారున్న ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను: ముందు ‘వద్దు’ నేర్పండి, వాళ్ళు అలా అన్నప్పుడు ఆ మాటకు విలువ ఇవ్వండి. మొన్న నేను తీసి పెట్టిన చొక్కాను వాడు ‘వద్దు’ అని పక్కన పెట్టాడు. తిరిగి బీరువాలో పెట్టేశాను.

పాత నివేదిక మాత్రం ఇంకా ఫైలులోనే ఉంది. తీసేయమని రెండుసార్లు రాశాను, జవాబు లేదు. సోమవారం ఇద్దరం వెళ్తున్నాం. చూపించాల్సిన కార్డులు రాత్రి వాడే ఏరి, రబ్బరుబ్యాండు వేసి సంచిలో పెట్టుకున్నాడు. అన్నిటికీ పైన బస్సు బొమ్మ ఉంది.