పిస్టన్‌కి సైజు ఇచ్చేది సిలిండరే

గల్ఫ్‌లో డర్ట్ బైకుల వర్క్‌షాపుకి చలికాలమే సీజను. ఎండ తగ్గగానే జనం బళ్ళు ఇసుకలోకి తీస్తారు. కొద్ది వారాలకే అవి ఒక్కొక్కటిగా మా దగ్గరికి చేరతాయి. పికప్ లేదు, కిక్ కొడితే కంప్రెషన్ తగలట్లేదు, లోపల టకటక శబ్దం, లేదా వెళ్తూ వెళ్తూ ఇంజిన్ పట్టేసింది. వాటిలో టూ-స్ట్రోక్ బళ్ళ సిలిండర్, అందులో పైకీ కిందికీ ఆడే పిస్టన్, దాని చుట్టూ ఉండే రింగుల పని నా బెంచీ మీదికి వస్తుంది.

కొత్తగా చేరిన తెలుగు కుర్రాడొకడు ఈమధ్య విప్పిన పిస్టన్ పట్టుకొచ్చి, “అన్నా, దీని మీద ‘ఏ’ అని ఉంది. కొత్తది కూడా ‘ఏ’ సైజే తెప్పిద్దామా?” అన్నాడు.

“సిలిండర్ కొలిచావా తమ్ముడూ?”

“పిస్టన్ మీదే రాసుంది కదన్నా!”

తెలివైన కుర్రాడే. బళ్ళు నడిపేవాళ్ళలో కూడా చాలామంది ఇలాగే అనుకుంటారు. ఆ ఒక్క అక్షరాన్ని నమ్మి బిగించిన పిస్టన్లు ఏం చేస్తాయో నేను చూస్తూనే ఉంటాను కాబట్టి, వాడికి చెప్పిందే ఇంకాస్త వివరంగా రాస్తున్నాను.

ఫ్యాక్టరీలో ఎంత మంచి మెషీన్ పెట్టినా సిలిండర్లన్నీ ఒకే కొలతకి రావు. మైక్రాన్లలో తేడా ఉంటుంది. అందుకని తయారైన సిలిండర్లని, పిస్టన్లని కొలిచి గ్రేడ్లుగా విడదీస్తారు. 66.4 మి.మీ. బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) ఉన్న 250 సీసీ బండికి విడిగా దొరికే కాస్ట్ (పోత పోసిన) పిస్టన్లు 66.34, 66.35, 66.36 ఇలా ఉంటాయి. వాటికే ఏ, బీ, సీ అని పేర్లు. 54 మి.మీ. బోర్ ఉన్న 125కి అయితే 53.94, 53.95, 53.96. ఒక్కో అక్షరానికీ మధ్య తేడా మిల్లీమీటరులో వందో వంతు. కేటీఎం 300లో సిలిండర్ మీద రోమన్ అంకె ఒకటో రెండో గుద్ది ఉంటుంది. 72.000 నుంచి 72.012 దాకా ఒకటి, 72.013 నుంచి 72.025 దాకా రెండు.

ఈ గుర్తులు అబద్ధం కాదు. కానీ అవి సిలిండర్ ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు లెక్క. ఆ తర్వాత ఎయిర్ ఫిల్టర్ దాటి ఎంత ఇసుక లోపలికి పోయిందో, ఎన్ని గంటలు నడిచిందో ఆ అక్షరానికి తెలీదు. ‘ఏ’ పిస్టన్‌తో పుట్టిన సిలిండర్ ఈరోజు ‘సీ’ అడుగుతుండొచ్చు. అసలు ఏ అక్షరానికీ అందనంత అరిగిపోయి ఉండొచ్చు కూడా.

అందుకే ముందు కొలత. ఈ దేశంలో కొలత తీయాలంటే ముందు ఎండ సంగతి చూడాలి. బయట నిలబెట్టిన బండి నుంచి సిలిండర్ విప్పుకొచ్చి అలాగే కొలిస్తే అది చెప్పేది తప్పు అంకె. అల్యూమినియం 66 మి.మీ. వ్యాసం దగ్గర పది డిగ్రీల వేడికి 0.015 మి.మీ. పెరుగుతుంది. అంటే ఒక అక్షరం కంటే ఎక్కువే! ఉక్కుతో చేసిన మైక్రోమీటర్ అందులో సుమారు సగమే పెరుగుతుంది. కొలతలకి ప్రపంచమంతా ఒప్పుకున్న ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. మా ఏసీ గదిలో అంత చల్లగా ఉండదు గానీ, సిలిండర్, పిస్టన్, మైక్రోమీటర్, బోర్ గేజ్ (సిలిండర్ లోపల కొలిచేది) నాలుగూ ఒకే బల్ల మీద రాత్రంతా ఉంటే పొద్దునకి అన్నీ ఒకే వేడికి వస్తాయి. అప్పుడు తేడా కొలవడానికి ఇబ్బంది లేదు. పిస్టన్‌ని అరచేతిలో ముద్దలా పట్టుకుని కొలిచేవాళ్ళని చూస్తే నాకు ప్రాణం ఊరుకోదు. ఒంటి వేడి కూడా వేడే.

పిస్టన్ చూడ్డానికి గుండ్రంగా ఉంటుంది, కానీ గుండ్రం కాదు. పిన్ (పిస్టన్‌ని కనెక్టింగ్ రాడ్‌కి కలిపే కడ్డీ) ఉన్న వైపు కాస్త తక్కువ, దానికి అడ్డంగా కాస్త ఎక్కువ. పైన తల దగ్గర సన్నం, కింద స్కర్ట్ (పిస్టన్ కింది గోడ) దగ్గర వెడల్పు. పనిచేసేటప్పుడు తల బాగా వేడెక్కి పెరుగుతుంది కాబట్టి అలా చేస్తారు. కాబట్టి ఎక్కడపడితే అక్కడ మైక్రోమీటర్ పెట్టకూడదు. పిన్‌కి అడ్డంగా, స్కర్ట్ అడుగు నుంచి కంపెనీ చెప్పిన ఎత్తులో కొలవాలి. ఆ ఎత్తు కంపెనీని బట్టి మారుతుంది. కాగితం చదవాల్సిందే.

సిలిండర్‌లో అయితే మూడు లోతుల్లో, రెండు దిక్కుల్లో తీస్తాను. పోర్టుల (గ్యాస్ లోపలికి, బయటికి పోయే కిటికీల) ఖాళీలో గేజ్ కాలు పడకుండా చూసుకోవాలి. కుర్రాడు తెచ్చిన బండి పెద్ద పేరున్న 250. బోర్ పైన 66.41 వచ్చింది. ఎగ్జాస్ట్ పోర్ట్‌కి కాస్త పైన ముందువెనకల 66.44, అదే ఎత్తులో అడ్డంగా 66.42. ఇప్పుడు ‘ఏ’ పిస్టన్ వేస్తే అరిగిన చోట పిస్టన్‌కీ సిలిండర్ గోడకీ మధ్య ఖాళీ 0.10 మి.మీ. అవుతుంది. ఇలాంటి కాస్ట్ పిస్టన్‌కి ఉండాల్సింది 0.05, 0.06 దగ్గర. ‘సీ’ వేసినా పైన 0.05 సరిపోతుంది గానీ, కింద 0.08 ఉంటుంది. ఎక్కువ ఖాళీలో పిస్టన్ అటూ ఇటూ కొట్టుకుంటుంది. టకటక శబ్దం అదే. కాస్ట్ పిస్టన్ స్కర్ట్ ఆ దెబ్బలకి ఒకరోజు చీలుతుంది, ముక్కలు క్రాంక్‌లోకి పోతాయి. “రాసున్నదాన్ని బట్టి ‘ఏ’, కొలతని బట్టి ప్లేటింగ్, అంటే లోపల మళ్ళీ పూత” అన్నాను వాడితో.

ఇక్కడ చాలామందికి రీబోర్, అంటే సిలిండర్‌ని లోపల కాస్త పెద్దది చేయడం, గుర్తొస్తుంది. ఇనుప స్లీవ్ ఉన్న పాత బళ్ళకి ఆ దారి ఉంది. పావు, అర, ముప్పావు మి.మీ. ఓవర్‌సైజ్ పిస్టన్ తెచ్చి, దాన్ని కొలిచి, దాని కొలతకి బోర్ కొట్టిస్తే సరి. ఇప్పటి డర్ట్ బైకుల్లో లోపల నికాసిల్ లాంటి పూత ఉంటుంది. నికెల్‌లో సిలికాన్ కార్బైడ్ రేణువులు కలిపిన పూత అది. జర్మనీలోని మాలె కంపెనీ 1967లో వాంకెల్ ఇంజిన్ల (పిస్టన్ బదులు తిరిగే రోటర్ ఉండేవి) కోసం తెచ్చింది. చాలా గట్టిది, చాలా పల్చనిది. మామూలు బోర్ కొడితే పూత పోయి కింద అల్యూమినియం బయటపడుతుంది. అందుకని దీన్ని మళ్ళీ ప్లేటింగ్ చేయించి, డైమండ్ హోనింగ్‌తో (వజ్రపు రాళ్ళతో సన్నగా అరగదీసి) కావలసిన కొలతకి తేవాలి. ఆ పని మా షాపులో జరగదు. సిలిండర్ పంపాలి, తిరిగి రావాలి. వారాంతానికి బండి కావాలన్న కస్టమర్ ముఖం ఆ మాటకి మారిపోతుంది.

ఇలాంటి చోటే పరాయి దేశంలో పని కష్టమనిపిస్తుంది. నేను వచ్చిన కొత్తలో నా ఇంగ్లీషు అంతంతమాత్రం, అరబిక్ అసలే లేదు. ఇది వేయకూడదు అని తెలుసు, ఎందుకో నోటితో చెప్పలేకపోయేవాణ్ణి. అప్పుడు జాబ్ కార్డు వెనక సిలిండర్ బొమ్మ గీసి, ఆరు కొలతలు, పక్కన పిస్టన్ కొలత, తేడా రాయడం మొదలుపెట్టాను. సూపర్‌వైజర్ ఆ కార్డే కస్టమర్‌కి చూపించేవాడు. రైడర్లు అంకెలు చదువుతారు. అడిగితే బేరం ఆడతారు గానీ, 66.44తో ఎవరూ వాదించలేదు.

పక్క బెంచీలో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన మెకానిక్ ఉంటాడు. మా ఇద్దరికీ కలిసిన భాష చాలా తక్కువ. అయినా ముఖ్యమైన సిలిండర్లు ఇద్దరం కొలుస్తాం. నా అంకెలు కనపడకుండా కార్డు బోర్లా పెట్టి అతనికిస్తాను. అతను కొలిచి రాశాక పక్కపక్కన పెడతాం. 0.01 దాటి తేడా వస్తే గేజ్‌ని మళ్ళీ మైక్రోమీటర్‌లో పెట్టి జీరో చేసి, ఇద్దరం మొదటినుంచీ తీస్తాం. నేను వెళ్ళిన ఏ చోటా ఇంత గౌరవంగా జరిగే పని చూడలేదు. కొన్ని గేజ్‌లు అంగుళాల్లో ఉంటాయి, అమెరికా పిస్టన్ల కాగితాలూ అంతే. అంగుళంలో వెయ్యో వంతు అంటే 0.0254 మి.మీ., రెండున్నర అక్షరాలంత. మార్చేటప్పుడు ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి.

డబ్బా మీది అంకెతో ఇంకో చిక్కుంది. కొన్ని కంపెనీలు పిస్టన్ అసలు కొలత రాస్తాయి. కొన్ని, ముఖ్యంగా ఫోర్జ్‌డ్ (పోత పోయకుండా అచ్చులో గట్టిగా నొక్కి చేసిన) పిస్టన్లు చేసేవి, అది ఏ బోర్‌కో రాస్తాయి. ఖాళీ ముందే తీసేసి ఉంటుంది. 66.40 అని రాసున్న పిస్టన్‌ని 66.40 సిలిండర్‌లో ఎలా పెడతారని కంగారు పడక్కర్లేదు. ఫోర్జ్‌డ్ దానికి ఖాళీ సాధారణంగా ఎక్కువే ఇస్తారు, ఎందుకంటే ఆ అల్యూమినియంలో సిలికాన్ తక్కువ, వేడికి ఎక్కువ పెరుగుతుంది. కాస్ట్ పిస్టన్ తీసి ఫోర్జ్‌డ్ వేసి, అంతే బిగువుగా పెట్టి, చల్లటి ఇంజిన్‌ని ఒక్కసారిగా లాగిస్తే పిస్టన్ సిలిండర్ కంటే ముందు వేడెక్కి నాలుగు మూలలా పట్టేస్తుంది. అలా పట్టేసిన పిస్టన్ మీద నాలుగు నిలువు గీతల గుంపులు స్పష్టంగా కనిపిస్తాయి.

బోర్ ఒకటే కదా అని ఒక బండి పిస్టన్ ఇంకోదానికి వేద్దామన్నవాళ్ళూ ఉన్నారు. యమహా వైజెడ్ 250, హోండా సీఆర్ 250, కేటీఎం 250 మూడింటికీ 66.4 బోర్, 72 స్ట్రోక్ (పిస్టన్ పైనుంచి కిందికి కదిలే దూరం) ఉన్న మోడళ్ళు ఉన్నాయి. కానీ పిన్ ఎత్తు, పోర్టుల కిటికీలు, రింగులు తిరక్కుండా ఆపే పిన్నులు ఉండే చోటు వేరు. రింగు కొస పోర్ట్‌లోకి జారిందంటే ఇంజిన్ అంతటితో సరి. ఇంకోవైపు, సెకండ్ హ్యాండ్ బళ్ళలో కాగితాల మీద 125 ఉన్నా లోపల 58 మి.మీ. పిస్టన్‌తో 144 సీసీ అయి ఉండొచ్చు. విప్పి చూశాకే ఆర్డర్.

పిస్టన్ వచ్చాక రింగుని సిలిండర్‌లో పెట్టి, పిస్టన్ తలతోనే తిన్నగా నెట్టి, కొసల మధ్య ఖాళీ ఫీలర్ గేజ్‌తో (సన్నని కొలత రేకులతో) చూడాలి. కంపెనీ అంకె లేకపోతే బోర్ ప్రతి అంగుళానికీ అంగుళంలో వెయ్యిలో నాలుగు వంతులనేది పాత లెక్క. 66.4కి సుమారు 0.27 మి.మీ. బిగించేటప్పుడు పిస్టన్ తల మీది బాణం గుర్తు ఎగ్జాస్ట్ వైపు. పిన్ క్లిప్పులు ప్రతిసారీ కొత్తవే.

ప్లేటింగ్‌కి సిలిండర్ పంపేటప్పుడు మా కుర్రాడు కొత్త పిస్టన్ తన అల్మారాలో దాచబోయాడు. “అదీ దాంతోపాటే పోవాలి తమ్ముడూ” అన్నాను. హోనింగ్ చేసేవాళ్ళు ఆ పిస్టన్‌ని కొలిచి, దానికి కావలసిన ఖాళీ కలుపుకుని బోర్ తేలుస్తారు. మీరు ఎక్కడున్నా సిలిండర్ పంపిస్తుంటే పిస్టన్ కూడా పంపండి. అందులో కంపెనీ ఇచ్చిన కాగితం పెట్టండి, కావలసిన ఖాళీని మిల్లీమీటర్లలో స్పష్టంగా రాయండి.