బాల్కనీ బీమ్‌లో కడ్డీలు పైన ఎందుకు?

చెల్లి వాళ్ల ఇంటికి రేపు స్లాబ్. పోసేలోగా ఒకసారి చూద్దామని ఇద్దరం సెంట్రింగ్ మీదికి ఎక్కాం. హాల్ బీమ్‌లో లావు కడ్డీలు అడుగున ఉన్నాయి, బాల్కనీకి బయటికొచ్చిన బీమ్‌లో పైన ఉన్నాయి. "ఇక్కడ తిరగేశారేంటి అన్నయ్యా?" అని దానికి ఒకటే టెన్షన్.

మేస్త్రీ సరిగ్గానే కట్టించాడు. కాంక్రీట్ నొక్కుడును బాగా ఓర్చుకుంటుంది, లాగితే మాత్రం పగులుతుంది. లాగుడుకు దాని బలం సుమారు పదో వంతే. ఆ పని స్టీలు చేయాలి. రెండు స్తంభాల మధ్య బీమ్ బరువుకు వంగితే నడిమి భాగంలో అడుగు సాగుతుంది. బాల్కనీ బీమ్‌కి ఆధారం ఒకవైపే కాబట్టి సాగేది పైభాగం. బాల్కనీ స్లాబ్‌దీ అదే లెక్క. అందుకే పోసేటప్పుడు ఆ పైకడ్డీలను ఎవరైనా కిందికి తొక్కేస్తారేమోనని నాకు భయం. రేపు అక్కడే నిలబడతాను.

స్తంభాల దగ్గర కడ్డీల చుట్టూ కట్టిన రింగులు దగ్గరదగ్గరగా ఉన్నాయి, బాగుంది. ఏటవాలు పగుళ్లు మొదలయ్యేది అక్కడే. ఒక మూల మాత్రం కడ్డీ చెక్కకి ఆనుకుని ఉంది. కడ్డీకీ చెక్కకీ మధ్య ఎడం ఉంచే 25 మి.మీ. కవర్ బ్లాకులు పెట్టించాం, లేకపోతే తేమ చేరి తుప్పు పడుతుంది.

వారానికే సపోర్టులు తీస్తామంటున్నారు. నేను ఒప్పుకోలేదు. మామూలు (ఓపీసీ రకం) సిమెంటుతో పోస్తే, 6 మీటర్ల లోపు బీమ్‌కి కాంక్రీట్ పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం కనీసం 14 రోజులు ఉంచాలి. బాల్కనీవి తీసేటప్పుడు బయటి కొస నుంచి మొదలుపెట్టి గోడ వైపు రావాలి.