మా అమ్మాయి ఎడమ కంటికి చూపు తెప్పించుకున్న వైనం

మా అమ్మాయి ఒకటో తరగతిలో ఉండగా, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఏటా బడులకు వచ్చే వైద్య బృందం, పిల్లలకు ఒక్కో కన్నూ మూయించి చార్టు మీది అక్షరాలు చదివించింది. కుడి కంటితో చివరి వరుస దాకా చదివిన పిల్ల, అది మూసేసరికి పై రెండు వరుసల దగ్గరే ఆగిపోయింది. అప్పటిదాకా తను టీవీకి దగ్గరగా జరిగి చూసిందీ లేదు, తలనొప్పి అన్నదీ లేదు, మెల్ల అసలే లేదు. రెండు కళ్ళూ తెరిచి ఉన్నంతసేపూ మంచి కన్నే పనంతా నడిపిస్తుంది కనుక పిల్లకు గానీ మాకు గానీ తెలిసే దారి లేకపోయింది. అందుకే, "మా వాడికి చూపు బాగానే ఉందండీ" అని తల్లిదండ్రులు చెప్పే మాటకు ఈ విషయంలో పెద్ద విలువ లేదని నేను అనుకుంటాను.

కంటి ఆసుపత్రిలో వెంటనే అద్దాలు రాయలేదు. చిన్నపిల్లల కంటి కండరాలు గట్టిగా బిగిసి ప్లస్ పవర్‌ను, అంటే దగ్గరివి మసకగా కనబడే లోపాన్ని, దాచేస్తాయట. వాటిని సడలించడానికి అట్రోపిన్ ఆయింట్‌మెంట్ ఇచ్చి, మూడు రోజులు ఇంట్లోనే రాసి తీసుకురమ్మన్నారు. ముఖం ఎర్రబడినా, జ్వరం తగిలినా ఆపేసి ఫోను చేయమన్నారు. ఆ ప్రభావం రోజుల తరబడి ఉంటుంది కనుక ఎండలో కళ్ళు తెరవలేక, పుస్తకం కనబడక పిల్ల విసుక్కుంది. తరువాత కంట్లోకి వెలుగు గీతను ఆడిస్తూ, అద్దాలు మార్చి మార్చి చూసి, పిల్లను ఒక్క మాటైనా అడగకుండానే పవర్ తేల్చారు: కుడి కంటికి ప్లస్ 1, ఎడమ కంటికి ప్లస్ 5. ఇంత తేడా ఉన్నప్పుడు మెదడు స్పష్టంగా ఉన్న బొమ్మనే తీసుకుని రెండోదాన్ని పక్కన పెడుతుందని, కంటి నిర్మాణంలో లోపం లేకపోయినా చూపు ఎదగకుండా నిలిచిపోతుందని, దీన్నే లేజీ ఐ అంటారని డాక్టరమ్మ వివరించారు. ఏడెనిమిదేళ్ళు దాటేకొద్దీ చికిత్సకు స్పందన తగ్గుతుందని కూడా చెప్పారు.

మొదటి కొన్ని నెలలు అద్దాలు మాత్రమే. "ఆడపిల్లకు ఇప్పటి నుంచే కళ్ళజోడేమిటి, క్యారెట్లు పెట్టండి" అన్న చుట్టాలకు జవాబు చెప్పడం మానేశాను. క్యారెట్ వల్ల పవర్ తేడా పోదు. నిద్ర లేచింది మొదలు పడుకునే దాకా అద్దాలు పెట్టించినందుకు 6/36 ఉన్న (అంటే మామూలు కన్ను 36 మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని 6 మీటర్ల దగ్గర నుంచే చదవగలిగే; మామూలు చూపు 6/6) ఎడమ కన్ను 6/18 దాకా వచ్చి, అక్కడ ఆగింది.

అప్పుడు, ఎడమ కన్నే పనిచేయక తప్పకుండా మంచి కన్నును కప్పే ప్యాచ్ వేయమన్నారు, రోజుకు రెండు గంటలు. రోజంతా ఉంచితే త్వరగా నయమవుతుందేమోనని మా అత్తగారు అడిగితే, ఒక మోస్తరు లేజీ ఐకి రెండు గంటలూ ఆరు గంటలూ సమానంగానే పనిచేశాయని అమెరికాలో జరిగిన పరిశీలన 2003లోనే తేల్చిందని, పైగా అతిగా కప్పితే మంచి కంటి చూపు తగ్గే ప్రమాదం ఉందని డాక్టరమ్మ చెప్పారు. అద్దాల మీద తొడిగే గుడ్డ ప్యాచ్ పక్క నుంచి పిల్లలు దొంగచూపులు చూస్తారు కనుక చర్మానికి అంటుకునేదే వాడాం. మొదటి వారమంతా ఏడుపే. పీకి పారేసేది, మళ్ళీ అంటించేదాన్ని. బడిలో వద్దనుకుని సాయంత్రం పూట, నాయనమ్మ పక్కన కూర్చోబెట్టి బియ్యంలో రాళ్ళు ఏరడం, మల్లెమొగ్గలు మాల కట్టడం, రంగులు వేయడం వంటి దగ్గరి పనులు పెట్టాక గంటలు గడవడం తేలికైంది. తన బొమ్మకు కూడా ప్యాచ్ అంటించమని పట్టుబట్టేది. ప్యాచ్‌ల ఖర్చు పెరిగినా కాదనలేదు. వేసవిలో చెమటకు ప్యాచ్ ఊడిపోయి చర్మం కందినప్పుడు ఫ్యాన్ కింద ఆరబెట్టి, తీసేటప్పుడు కొబ్బరినూనె అద్దేదాన్ని. తీసిన తరువాత సబ్బుతో కడగకపోతే మర్నాడు ప్యాచ్ అంటదు.

ఇప్పుడు ఎడమ కన్ను 6/9 చదువుతోంది. అయినా ఒక్కసారిగా మానలేదు. చికిత్స ఆపిన ఏడాదిలోపు దాదాపు నలుగురిలో ఒకరికి చూపు మళ్ళీ తగ్గుతుందని చెప్పి, గంటకు, ఆపై రోజు విడిచి రోజుకు తగ్గించుకుంటూ వస్తున్నారు. అద్దాలు మాత్రం కొనసాగుతాయి. దెబ్బ తగిలినా తేలిగ్గా పగలని పాలికార్బొనేట్‌వి తీసుకున్నాం. ఇంట్లో ఒకరికి ఉంటే తోబుట్టువులనూ చూపించడం మంచిదన్నారని, ఇంకా అక్షరాలు రాని మా మూడేళ్ళ అబ్బాయిని తీసుకెళితే ఇల్లు, ఆపిల్ బొమ్మల చార్టుతో పరీక్షించారు; వాడికి రెండు కళ్ళూ సమానంగానే ఉన్నాయి, వచ్చే ఏడాది మళ్ళీ తీసుకురమ్మన్నారు.