ఎవరో మొదలుపెట్టిన క్విల్ట్, మా ఇంట్లో పూర్తయింది

ఓహాయోలో పాత ఇల్లు ఖాళీ చేసేటప్పుడు సామానంతా ఉన్నచోటే ఉంచి, జనాన్ని లోపలికి పిలిచి అమ్మేస్తారు. ఎస్టేట్ సేల్ అంటారు దాన్ని. ఆ ఇంట్లో కుట్టుమిషను ఉందంటే, దగ్గర్లోనే ఏ మంచం కిందో ఒక అట్టపెట్టె కూడా ఉంటుందనుకోవచ్చు. అందులో సగంలో ఆగిపోయిన క్విల్ట్ ఉంటుంది. క్విల్ట్ అంటే బ్లాకులనే గుడ్డముక్కల గడులు అతికి, పొరలు కలిపి కుట్టే ఇక్కడి బొంత. కొలంబస్ దగ్గర మేముండే చోట అలాంటి పెట్టెలు చూస్తూనే ఉంటాను. వాటిలో ఒకటి కొన్నాను. పైన పసుపు పట్టిన టిష్యూ కాగితం, దాని కింద చేత్తో కుట్టిన 18 నైన్ ప్యాచ్ బ్లాకులు, అడుగున దారంతో కట్టిన పేలికల మూట. కుట్టినావిడ ఎవరో రాసిలేదు.

నైన్ ప్యాచ్ అంటే అడ్డం మూడు, నిలువు మూడు, మొత్తం తొమ్మిది చదరపు ముక్కలు కలిపిన బ్లాకు. ముదురు ముక్క ఒకటి, లేత ముక్క ఒకటి, అలా మార్చి మార్చి వస్తాయి. ఇంతకంటే తేలికైన బ్లాకు ఇంకోటి ఉండదేమో. కానీ ఈ బ్లాకులు చూస్తూ ఒక సాయంత్రమంతా కూర్చుండిపోయాను. కొన్ని ముక్కల్ని కిటికీ వెలుతురుకి పట్టి చూస్తే వరసగా సన్నటి చిల్లులు కనిపించాయి. అవి సంచి చిల్లులు. 1930లలో, మాంద్యం రోజుల్లో, ఇక్కడ పిండీ, పంచదారా, కోళ్ళ దాణా నూలు సంచుల్లో వచ్చేవి. సంచిని లావుపాటి దారంతో గొలుసుకుట్టు వేసి మూసేవారు. ఇంట్లో ఆడవాళ్ళు ఆ కుట్టు ఊడదీసి, దారం చుట్ట చుట్టి దాచుకుని, సంచి ఉతికి బట్టగా వాడుకునేవారు. అది చూసి కంపెనీలు సంచుల మీదే పువ్వుల అచ్చులు వేయించడం మొదలుపెట్టాయి. ఆ బట్టతో పిల్లలకి గౌన్లూ, ఏప్రన్లూ కుట్టేవారు. మిగిలిన పేలికలు క్విల్ట్‌లోకి వెళ్ళేవి. కుట్టు ఊడదీసినా చిల్లులు మాత్రం గుడ్డలో ఉండిపోయాయి.

ఒక బ్లాకులో మూల ముక్క నన్ను ఇంకా కట్టిపడేసింది. నీలం పువ్వుల గుడ్డ అంగుళం తక్కువైనట్టుంది, ఆవిడ అదే గుడ్డలో ఇంకో చిన్న పేలిక వెతికి, పువ్వుకి పువ్వు కలిసేలా అతుకు వేసింది. దూరం నుంచి చూస్తే ఒకే ముక్క. వెనక్కి తిప్పితేనే ఆ చిన్న కుట్టు తెలుస్తుంది.

అప్పుడు మా అత్తయ్య తెనాలి నుంచి వచ్చి మాతోనే ఉన్నారు. బ్లాకు చేతిలోకి తీసుకుని, తిప్పి వెనకవైపు చూశారు. కుట్టు తెలిసినవాళ్ళు ముందు వెనకవైపే చూస్తారు. "మనిషి పొదుపు మనిషమ్మాయ్. చెయ్యి కూడా మంచిది. దీన్ని ఎట్లాగైనా పూర్తి చెయ్యాల" అన్నారు. అత్తయ్య వయసులో ఉన్నప్పుడు ఇంట్లో బొంతలన్నీ ఆవిడే కుట్టారు. పాత చీరలూ పంచెలూ నాలుగైదు పొరలు పరిచి, వేసవి మధ్యాహ్నాలు వసారాలో కూర్చుని కుట్టేవారట. మావారు పుట్టినప్పుడు కుట్టిన పొత్తిళ్ళ బొంత ఇప్పటికీ మా బీరువాలో ఉంది.

ఏదైనా పాత పని పూర్తి చెయ్యాలంటే మొదట టేప్ తియ్యాలి. మిషను దగ్గరికి తర్వాత వెళ్ళొచ్చు. నైన్ ప్యాచ్ పూర్తయ్యాక 9 అంగుళాలు రావాలంటే, చుట్టూ కుట్టులోకి పోయే పావు అంగుళం కలుపుకుని విడి బ్లాకు 9.5 ఉండాలి. నా దగ్గరున్నవి 9.25 నుంచి 9.75 దాకా ఉన్నాయి. చూడ్డానికి అర అంగుళమే, కానీ అయిదు వరసలు కలిపేసరికి క్విల్ట్ ఒకపక్కకి లాగేస్తుంది, మధ్యలో బుడగలాగా లేస్తుంది. ఇక్కడ క్విల్ట్‌లు కుట్టేవాళ్ళ సంఘం, గిల్డ్‌లో చాలా అనుభవం ఉన్న ఒకావిడ, మొత్తం విప్పేసి, ముక్కలు మళ్ళీ కత్తిరించి, మిషను మీద కొత్తగా కుట్టుకోమన్నారు. పనితనం పరంగా ఆ మాట సరైనదే. నాకు మాత్రం మనసు ఒప్పలేదు. ఆ కుట్లు విప్పితే ఇక అందులో ఆవిడ పని ఏం మిగులుతుంది? గుడ్డలు మిగులుతాయి, అంతే. పూర్తి చెయ్యడమంటే ఆవిడ పనిని దిద్దడం కాదని అప్పుడే నిర్ణయించుకున్నాను. కొలత తేడా ఏదున్నా నేను చేర్చే భాగంలోనే సర్దుకోవాలి.

దానికి ఒక మంచి పద్ధతి ఉంది. ప్రతి బ్లాకు చుట్టూ ఫ్రేములాగా 1.5 అంగుళాల వెడల్పున్న పట్టీ కుట్టాలి. అలా కుడితే 9.25 బ్లాకు 11.25 అవుతుంది, 9.75 బ్లాకు 11.75 అవుతుంది. అప్పుడు అన్నిటినీ 11 అంగుళాలకి సమంగా కత్తిరించాలి. కత్తెర పడేది కొత్త పట్టీ మీదే, పాత బ్లాకు జోలికి వెళ్ళదు. చిన్న బ్లాకుకి ఫ్రేము కాస్త వెడల్పుగా, పెద్ద బ్లాకుకి కాస్త సన్నగా ఉంటుంది. పట్టీకి మీగడ రంగు తీసుకుంటే ఆ తేడా కంటికి ఆనదు. మొదలుపెట్టే ముందు బ్లాకుల్ని ఉతకలేదు. విడి బ్లాకుల్ని ఉతికితే అంచుల్లో పోగులు ఊడిపోయి, అసలే తక్కువున్న కుట్టు గుడ్డ ఇంకా తగ్గిపోతుంది. స్టార్చ్ కొట్టి, ఇస్త్రీపెట్టెని జరపకుండా పైనుంచి అద్దుతూ తీశాను. రుద్దితే పాత నూలు సాగుతుంది. ఆ వాసనకి అత్తయ్య గంజి పెట్టిన పంచెలు గుర్తుచేసుకున్నారు.

పావు అంగుళం సంగతి ఇంకొంచెం చెప్పాలి. జాకెట్లు కుట్టడం నేర్చుకుని ఈ పనిలోకి వచ్చిన మనలాంటివాళ్ళకి ఇది ముందు భయం వేస్తుంది. జాకెట్టులో లోపల ధారాళంగా గుడ్డ వదులుతాం, ఒళ్ళు చేస్తే కుట్లు విప్పుకోవచ్చని. ఇక్కడ పావు అంగుళం అంటే పావే, ఎక్కువా కూడదు, తక్కువా కూడదు. మిషను సరిగ్గా వేస్తోందో లేదో చూడ్డానికి 1.5 అంగుళాల పట్టీలు మూడు పక్కపక్కన కుట్టి, ఇస్త్రీ చేసి, మధ్య పట్టీని కొలవాలి. సరిగ్గా అంగుళం వస్తే మిషను సిద్ధమైనట్టు. నేను ప్రతి కొత్త పనికీ ముందు ఇది చేస్తాను, చేశాక టెన్షన్ ఉండదు.

నాలుగు బ్లాకుల చొప్పున అయిదు వరసలకి 20 కావాలి, ఉన్నవి 18. ముప్పైల నాటి అచ్చుల్ని మళ్ళీ ముద్రించి అమ్ముతున్నారు. ఆ గుడ్డ కొని ఇంకో రెండు నైన్ ప్యాచ్‌లు కుట్టి కలిపేస్తే ఎవరూ కనిపెట్టలేరు. నాకు అదీ నచ్చలేదు. మేం చేర్చింది మాదేనని తెలియాలి. అందుకని ఆ రెండు చోట్లా ఓహాయో స్టార్ పెట్టాం. అదీ మూడు మూళ్ళ గడులే కాబట్టి నైన్ ప్యాచ్ పక్కన ఇమిడిపోతుంది. పైగా అది ఈ రాష్ట్రం పేరున్న నక్షత్రం. ఇక్కడ ఆడమ్స్ కౌంటీలో 2001లో డోనా స్యూ గ్రోవ్స్ అనే ఆవిడ క్విల్ట్‌లు కుట్టే తన తల్లి గౌరవార్థం పశువుల కొట్టాల గోడల మీద క్విల్ట్ బ్లాకులు పెయింట్ చేయించే పని మొదలుపెట్టినప్పుడు, మొదట ఎక్కింది ఓహాయో స్టారే. ఇప్పుడు అమెరికాలో చాలా రాష్ట్రాల్లో పొలాల మధ్య అలాంటి కొట్టాలు కనిపిస్తాయి.

ఓహాయో స్టార్ నైన్ ప్యాచ్ అంత సులువు కాదు. మధ్యలో ఒకటి, మూలల్లో నాలుగు, 3.5 అంగుళాల చదరాలు. మిగిలిన నాలుగు గడుల్లో ఒక్కోదానికి నాలుగు త్రికోణాలు. వాటికోసం 4.25 అంగుళాల చదరాలు, ముదురువి రెండు, లేతవి రెండు, మూల నుంచి మూలకి రెండువైపులా కోస్తే పదహారు త్రికోణాలు వస్తాయి. కోసిన అంచు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి పట్టుకుంటేనే సాగుతుంది. కొయ్యకముందే గుడ్డకి స్టార్చ్ గట్టిగా పట్టించాలి. ముదురూ లేతా కలిసే కుట్టు గట్లని ముదురువైపుకి మడిచి ఇస్త్రీ చేస్తే, రెండు ముక్కలు కలిపేటప్పుడు గట్లు ఎదురెదురుగా ఒకదానికొకటి ఆనుకుంటాయి, వేలితో తడిమితేనే తెలిసిపోతుంది. అక్కడ పిన్ను గుచ్చి కుడితే మొనలు కచ్చితంగా కలుస్తాయి. నక్షత్రం మొన దాటాక అంచుదాకా పావు అంగుళం గుడ్డ ఉందా అని చూసుకోవాలి. లేకపోతే పక్క బ్లాకు కలిపినప్పుడు మొన తెగిపోయినట్టు కనిపిస్తుంది. ఈ నక్షత్రాలకి నిండు నీలం సాదా గుడ్డ వాడాను. హోమ్స్ కౌంటీలో ఆమిష్‌వాళ్ళు ఎక్కువ, అక్కడి షాపుల్లో సాదా రంగులు బాగా దొరుకుతాయి.

బ్లాకుల మధ్యా, చుట్టూ అంచునా రెండేసి అంగుళాల పట్టీలు వేశాక పై భాగం 52 అంగుళాల వెడల్పు, 64.5 అంగుళాల పొడవు వచ్చింది. సోఫాలో కూర్చుని కప్పుకోవడానికి సరిపోతుంది.

వెనకవైపుకి గుడ్డ కొందామనుకుంటుంటే అత్తయ్య తన పెట్టెలోంచి మంగళగిరి నూలు చీర తీశారు. గచ్చకాయ రంగు, సన్నటి అంచు. "కట్టీ కట్టీ మెత్తబడింది కానీ ఎక్కడా చిరగలేదు, చూడు" అన్నారు. "మీకు ఇష్టమైన చీర కదా అత్తయ్యా, ఎందుకు?" అంటే, "ఇష్టం కాబట్టే ఇస్తన్నా. బొంతకి వెనక చీర లేకపోతే ఎట్లా?" అన్నారు. వెలుతురుకి పట్టి చూశాం, చేత్తో లాగి చూశాం, తడి తెల్లగుడ్డతో అద్ది రంగు దిగుతుందేమో చూశాం. దిగలేదు. చీర పొడవులో రెండు గజాల ముక్కలు రెండు తీసి పక్కపక్కన కలిపితే చుట్టూ కనీసం మూడున్నర అంగుళాలు మిగిలేంత వచ్చింది. అంత మిగలాలి, ఎందుకంటే కుడుతున్నకొద్దీ అడుగు గుడ్డ లోపలికి లాక్కుంటుంది.

పొరలు కూర్చడం మేమిద్దరం నేలమీదే చేశాం. చీరని తిరగేసి పరిచి, అంచులు టేపుతో నేలకి అంటించి, దానిమీద పల్చటి నూలు బ్యాటింగ్, అంటే మధ్యలో వేసే దూది పొర, పైన బ్లాకులు. మధ్యలోంచి బయటికి చేత్తో నిమురుతూ, అరచేయి పట్టే దూరంలో ఒక్కో పిన్నీసు. అత్తయ్యకి పిన్నీసులు నచ్చలేదు. బొంతకి ముందు పెద్ద పెద్ద టాకాలు వేస్తారు, ఆవిడ అదే వేస్తానన్నారు. సగం పిన్నీసులతో, సగం టాకాలతో అయింది. నిజం చెప్పాలంటే టాకాలు వేసిన సగంలోనే పొరలు తక్కువ కదిలాయి.

పట్టీల వెంట గీతలు నేను మిషను మీద వేశాను. మిషను పాదం బదులు వాకింగ్ ఫుట్ అనే పాదం పెట్టుకుంటే పై గుడ్డా కింద గుడ్డా కలిసి నడుస్తాయి, ముడతలు రావు. కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లు, మధ్య నుంచి మొదలుపెట్టి అంచులకి. పాత బ్లాకుల లోపల మాత్రం మిషను పెట్టలేదు. అక్కడ అత్తయ్య చేత్తో ఏటవాలుగా గుణకారం గుర్తులా బొంత కుట్టు వేశారు. సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకునే థింబుల్ కొనిస్తే తొడుక్కుని ఒక వరస కుట్టి తీసేశారు, వేలికి సూది తగలకపోతే ఎక్కడుందో ఎట్లా తెలుస్తదని. ఆవిడ కుట్టుతుంటే చూశాను, కళ్ళు గుడ్డ మీద లేవు, కింద ఉన్న ఎడమచేతి చూపుడు వేలే చూస్తోంది. సూది మొన ఆ వేలికి తగిలీ తగలగానే పైకి తిప్పేస్తుంది.

ఆ రోజుల్లోనే ఆవిడకి అలబామాలోని జీస్ బెండ్ క్విల్ట్‌ల ఫొటోలు చూపించాను. అరిగిపోయిన పొలం బట్టలతో అక్కడి నల్లజాతి మహిళలు కుట్టినవి, 2002లో న్యూయార్క్ విట్నీ మ్యూజియం దాకా వెళ్ళినవి. 2006లో తపాలా బిళ్ళలుగా కూడా వచ్చాయి. వంకర గీతలవి, ఏ రెండు పట్టీలూ సమానంగా ఉండవు. అత్తయ్య చాలాసేపు చూసి, "ఈళ్ళు కొలత చూసుకోలేదు, కంటితో కుట్టారు" అన్నారు. విప్పి కుట్టమన్న సలహా విననందుకు నాకు మిగిలిన కాస్త సందేహం కూడా ఆ మాటతో పోయింది.

అంచు కట్టడానికి 2.5 అంగుళాల పట్టీలు ఏడు పట్టాయి. వాటిని ఏటవాలుగా అతికి, పొడవునా సగానికి మడిచి, ముందువైపు మిషనుతో, వెనకవైపు చేత్తో హెమ్మింగ్. మూల దగ్గర పావు అంగుళం ముందే ఆపి, పట్టీని పైకి మడిచి, మళ్ళీ కిందికి దించితే మూల చక్కగా కూర్చుంటుంది. తర్వాత చల్లటి నీళ్ళలో, ఊడిన రంగుని పీల్చుకునే షీటు ఒకటి వేసి ఉతికి, నేలమీద పరిచి ఆరబెట్టాం. ఆరాక సన్నగా ముడుచుకుని పాత క్విల్ట్ రూపం వచ్చేసింది.

వెనక మూలలో చిన్న తెల్లగుడ్డ కుట్టి చెరగని పెన్నుతో రాశాను. 18 బ్లాకులు పేరు తెలియని ఓహాయో మహిళవి, 1930ల నాటి గుడ్డ. రెండు నక్షత్రాలు నావి. చీర, చేతికుట్టు అత్తయ్యవి. మా ముగ్గురి పనీ ఎవరిది ఎక్కడో అందులో స్పష్టంగా ఉంది. ఇలాంటి లేబుల్ కుట్టడం దయచేసి ఎవరూ మానొద్దు. ఆ పెట్టెలో ఒక్క చీటీ ఉన్నా నాకు ఆవిడ పేరు తెలిసేది.

ఇది అయ్యాక 2020లో లాక్‌డౌన్ అప్పుడు మొదలుపెట్టి అటకెక్కించిన నా లాగ్ క్యాబిన్ బ్లాకుల్ని దింపాను. మధ్యలో ఎర్ర చదరం, దాని చుట్టూ ఒకవైపు లేత పట్టీలు, ఒకవైపు ముదురు పట్టీలు. బ్లాకులన్నీ ఒకటే, తిప్పి పెట్టే తీరునిబట్టి మొత్తం రూపం మారిపోతుంది. నడిమధ్య నుంచి వజ్రాలు ఒకదాని చుట్టూ ఒకటి వచ్చే బార్న్ రైజింగ్ కావాలని మా అమ్మాయి పట్టు. అత్తయ్య ఇప్పుడు తెనాలిలో ఉన్నారు. రెండు అమరికలూ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే, ఏటవాలుగా చాళ్ళు వచ్చే స్ట్రెయిట్ ఫర్రోనే బాగుందన్నారు, దుక్కి దున్నిన చేలాగా ఉందని. నాకూ అదే నచ్చింది. వచ్చే వారం వరసలు కుట్టడం మొదలుపెడతాను. వెనకవైపుకి ఈసారి మా అమ్మ వెంకటగిరి చీర అడిగాను, పంపిస్తానంది.